కాగితంలో ఉన్నట్టే

పరీక్షలో రెండు సర్క్యూట్ బోర్డులకి ఒకే అంకె రావచ్చు. పదకొండు పాయింటు ఎనిమిది వోల్టులు వచ్చిందనుకోండి, దాని పక్కదానికీ అంతే వస్తే ఎవరూ పట్టించుకోరు. పాయింటు తర్వాత నాలుగంకెల దాకా అదే రావడం, అదీ ఏడుసార్లు రావడం చూస్తే మాత్రం ఎవరో మన చెవిలో పువ్వు పెడుతున్నారనే అనిపిస్తుంది.

మంగళవారం పొద్దున్న క్వాలిటీ పెద్దాయన ఏడు బోర్డుల్నీ బల్ల మీద వరసగా పరిచి, ఒక్కోదాని పక్కన ఒక్కో కాగితం పెట్టి, ఆమెని పిలిపించాడు. ఆమె ఆ ఫ్యాక్టరీలో టెస్టు ఇంజనీరు. బోర్డుల్ని పరీక్షించే ప్రోగ్రాం ఆమె రాసిందే. ఎప్పుడు చూసినా ఈ లైబ్రరీ, ఆ లైబ్రరీ అంటూ ఉంటుంది కాబట్టి ఫ్లోరు మీద ఆమెకి లైబ్రరీ మేడమ్ అని పేరు. చేరిన కొత్తలో ఒకరిద్దరు చదువుకోడానికి నవలలేమైనా ఉంటే ఇమ్మని కూడా అడిగారు.

ఆ బోర్డులు లిఫ్టులవి. లిఫ్టు ఆగాక బ్రేకు పట్టమని చెప్పేది ఆ బోర్డే. ఈ ఏడింటినీ బిగించిన చోట్ల, ఇంకా మనుషుల్ని ఎక్కించకముందు చేసే పరీక్షలో, ఖాళీ లిఫ్టు అర అంతస్తు కిందికి జారింది. ఏడింటికీ ఒకటే జబ్బు. బ్రేకు పిన్ను దగ్గర టంకం సరిగ్గా అంటలేదు. అంటని పిన్ను మీద మీటరుకి అంకె నిలవదు. రికార్డులో చూస్తే ఏడూ పాసు. పైగా ప్రతిదాని ఎదురుగా, దానికి ముందు పరీక్షించిన బోర్డు తాలూకు అంకే, పొల్లు పోకుండా ఉంది.

పెద్దాయన పెన్సిలు కొసతో కాగితాలు తడుతూ తన లెక్క చెప్పాడు. మంచి బోర్డుని తీయకుండా అక్కడే ఉంచి, చెడ్డ బోర్డు లేబులు స్కాన్ చేసి, మళ్ళీ మీట నొక్కితే మంచిదే రెండోసారి పాసవుతుంది. చెడ్డది పక్కనుంచి డబ్బాలోకి జారుకుంటుంది. ఫెయిలైన బోర్డుకి చీటీ రాయక్కర్లేదు, రిపేరు గదికి మొయ్యక్కర్లేదు. వెనకటికి ఇంకో ఫ్యాక్టరీలో ఇలాంటి బాపతుని తను స్వయంగా పట్టుకున్నాడట.

ఏడు బోర్డులూ రెండో బెంచీవి. ఏడూ వదిన చేతిమీదుగా వెళ్ళినవి.

ఫ్లోరు మీద అందరికీ ఆమె వదినే. ఏడాది రెండేళ్ళు పెద్దవాడైన పెద్దాయనా అలాగే పిలుస్తాడు. పందొమ్మిదేళ్ళుగా అదే పని. ముగ్గురు టెస్టర్లలో రోజూ అందరికన్నా ఎక్కువ బోర్డులు దింపేది ఆమే. ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్న ఆ సంగతే ఇప్పుడు పెద్దాయన నోట్లో ఇంకోలా పలికింది. "అంత గబగబా ఎలా అవుతున్నాయో మనం ఎప్పుడైనా అడిగామా?" అన్నాడు.

పిలిస్తే వదిన వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. ఒంటి మీది స్టాటిక్ కరెంటు బోర్డుకి పాకకుండా మణికట్టుకి కట్టుకునే పట్టీ విప్పకుండానే వచ్చింది. దాని తీగని చుట్ట చుట్టి గుప్పిట్లో పట్టుకుంది. పెద్దాయన కాగితాలు చూపించాడు. ఒంగి, ఒక్కోటీ తీరిగ్గా చూసింది. ఆశ్చర్యపోలేదు. అదే ఇంజనీరు మనసులో ముల్లులా దిగింది. ఏమీ ఎరగని మనిషైతే కనీసం కళ్ళు పెద్దవి చెయ్యదా?

"ఇదెలా వచ్చింది వదినా?" అని పెద్దాయన అడిగాడు.

"నేను కాగితంలో ఉన్నట్టే చేశానండి."

బెంచీ మీద అంటించిన కాగితం సంగతి. ఏ పని తర్వాత ఏది చెయ్యాలో ఏడు వరసల్లో ఇంజనీరే రాసి, మూడు బెంచీల మీదా అంటించింది. పెద్దాయన ఇంకో రెండు రకాలుగా తిప్పి అడిగాడు. వదిన రెండుసార్లూ అదే జవాబు, అవే మాటల్లో చెప్పింది. మధ్యలో ఒకసారి తలెత్తి ఇంజనీరు వైపు చూసింది, ఆవిడ ఏమైనా అంటుందేమోనని ఎదురుచూస్తున్నట్టు. ఇంజనీరు కాగితాల్లోకి తల దించుకుంది. ఒప్పజెప్పిన పాఠంలా ఒకే మాట మాట్లాడేవాళ్ళంటే ఆమెకి మొదటినుంచీ నమ్మకం తక్కువ.

వదిన వెళ్ళాక పెద్దాయన అసలు సంగతికొచ్చాడు. సోమవారం లిఫ్టు కంపెనీ వాళ్ళు వస్తున్నారు. శుక్రవారం మధ్యాహ్నానికి రిపోర్టు కావాలి. ప్రోగ్రాంలో లోపమేమీ లేదు, మనిషి చేసింది తప్ప సాంకేతికంగా వేరే కారణం కనపడలేదు అని ఆమె సంతకం పెడితే చాలు, మిగతాది తను చూసుకుంటాడు. మిగతాది అంటే ఏమిటో ఆమెకి తెలుసు. మోసం అనే మాట కాగితం మీద రాసి పంపిస్తే, ఈ వయసులో వదినకి ఇంకో ఫ్యాక్టరీ గేటు తెరుచుకోదు.

ఆమె ఫ్లోరు మీదికి దిగి మిగతా ఇద్దర్నీ అడిగింది. ఒకటో బెంచీ వాడిని అందరూ హుషారు అంటారు. నోరు తెరిస్తే మూయడు. మూడో బెంచీ పిల్లని ఊఁ అంటారు, ఏం అడిగినా అంతకుమించి మాట రాదు గనక. మీ దగ్గర ఎప్పుడైనా వరసగా రెండు బోర్డులకి ఒకే అంకె వచ్చిందా అంటే, లేదంటే లేదన్నారు. కాగితంలో ఉన్నట్టే చేస్తున్నారా అంటే, హుషారు ఛాతీ మీద చెయ్యేసుకుని, అక్షరం తప్పితే అడగండి అన్నాడు. షిఫ్టు మధ్యలో ప్రోగ్రాం మూయడంలాంటివి చెయ్యట్లేదు కదా అంటే, ఛ ఛ, మీరొద్దన్నాక కూడానా అన్నాడు. ఊఁ మాత్రం ఊఁ అని, మీటరు తీగ సర్దుకోడానికి పక్కకి తిరిగింది. ముగ్గురూ ఒకే కాగితం, ఒకే ప్రోగ్రాం, ఒకే రకం మీటరు. ఇద్దరి దగ్గర రానిది ఒక్క చోటే వస్తోందంటే తేడా ఎక్కడుంది? మనిషిలోనే ఉంది. అలా అనుకున్నాక వదిన చేతి కదలికలన్నీ ఆమెకి కొత్తగా కనపడసాగాయి.

సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతంతా చెప్పింది. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఎంత కడుక్కున్నా గోళ్ళ అంచుల్లో నల్లటి గ్రీజు ఉండనే ఉంటుంది. అత్తగారు పక్కగదిలో కుట్టుమిషను ముందు కూర్చుని, కనపడకపోయినా అన్నీ వింటోంది.

అంతా విని ఆయన ముందు ఒక్క ప్రశ్న వేశాడు. "ఈమధ్య నువ్వేమైనా మార్చావా?"

పెద్దగా ఏమీ లేదంది. అంటూనే, ఉన్నదాన్ని చిన్నది చేసి చెప్పింది. ప్రోగ్రాం అన్ని పనులూ తనే చెయ్యదు. మీటరు నుంచి కొలత తెచ్చే పని ఒక లైబ్రరీది. పని పడినప్పుడు దాన్ని మెమరీలోకి ఎక్కించుకోవాలి, పనయ్యాక దింపెయ్యాలి. పక్కింటి నిచ్చెన అడిగి తెచ్చుకోవడంలాంటిది. ఇదివరకు ప్రతి బోర్డుకీ నిచ్చెన తేవడం, వెంటనే ఇచ్చేసి రావడం. ఒక్కో బోర్డుకి నాలుగు సెకన్లు ఆ తిరుగుడికే పోయేవి. ఇప్పుడు పొద్దున్న ప్రోగ్రాం తెరవగానే ఒకసారి తెచ్చుకుంటుంది, ప్రోగ్రాం మూసినప్పుడే ఇచ్చేస్తుంది. రోజుకి ముప్పై బోర్డులు ఎక్కువ అవుతున్నాయని మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు కూడా. అంతే.

"అంతే" అన్నందుకు ఆయన నవ్వాడు. బండి తెచ్చి పడేసే ప్రతి డ్రైవరూ చివర్న ఆ మాటే అంటాడట. "ఎన్నాళ్ళయింది మార్చి?"

"ఆరు వారాలు."

"మరి ఆ ఏడు బోర్డులూ ఎప్పటివి?"

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. మూడు బెంచీల్లోనూ అదే మార్పు చేసింది తను. తప్పు ప్రోగ్రాందైతే మూడింట్లోనూ రావాలి కదా, ఒక్కదాంట్లోనే ఎందుకొస్తుంది? ఈ మాట పెద్ద గొంతుతోనే అడిగింది. "నామీదే నీ అనుమానం" అని కంచం తీసుకుని లేచింది.

పక్కగదిలో మిషను చప్పుడు ఆగింది. "మనమీదికొస్తే అనుమానం, పరాయివాళ్ళ మీదికెళ్తే విచారణ" అని అత్తగారు ఎవరితోనో అన్నట్టుగా అని, మళ్ళీ తొక్కడం మొదలెట్టింది.

బుధవారం పొద్దుటినుంచీ ఆమె మేడ మీద గది అద్దంలోంచి రెండో బెంచీనే చూస్తూ కూర్చుంది. వదిన ప్రతి బోర్డునీ ముందు దీపం కిందికెత్తి రెండు వైపులా చూస్తుంది. పాత పళ్ళబ్రష్షుతో పిన్నులు తుడుస్తుంది. జిగ్గు మీద, అంటే బోర్డుని కదలకుండా పట్టే చట్రంలో, కూర్చోబెట్టి మీట కిందికి నొక్కుతుంది. లేబులు మీద చూపుడు వేలు పెట్టి అంకెలు మనసులో చదువుకుని, అప్పుడు స్కాన్ చేస్తుంది. ఇన్నిన్ని చేసే మనిషి రోజూ అందర్నీ దాటిపోతోందంటే ఎలా నమ్మడం? అనుమానం పెనుభూతం అంటారు గానీ, అది పట్టినప్పుడు భూతంలా ఉండదు, తెలివితేటల్లా ఉంటుంది. ఆ పొద్దంతా ఆమె తనంత తెలివైనది లేదనే అనుకుంది.

పదకొండింటప్పుడు వదిన ఒకసారి చెయ్యి ఆపి, వెనక్కి తిరిగి చూసి, సొరుగు లాగి, ఏదో రాసుకుని, మళ్ళీ సొరుగు మూసింది.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆమె కిందికి దిగి ఆ సొరుగు తెరిచింది. దువ్వెన, కళ్ళజోడు పెట్టె, మడత పెట్టిన చేతిరుమాలు, తలనొప్పి మాత్రలు. వాటి కింద అరచేతంత పుస్తకం. తెరిస్తే బోర్డు నెంబర్లు, రెండేసి చొప్పున జతలు జతలుగా. ప్రతి జతలో రెండోదాని పక్కన "ప" అని ఒక్క అక్షరం. కింద తేదీ. ఆ ఏడు బోర్డులూ అందులో ఉన్నాయి. ఏడూ జతలో రెండోవే.

ఆమె పుస్తకం తీసుకుని తిన్నగా పెద్దాయన గదికి వెళ్ళింది. ఆయన రెండు పేజీలు తిప్పి కుర్చీలో వెనక్కి వాలాడు. "ప అంటే పాసు. మంచిదాని మీద చెడ్డదాన్ని పాసు చేయించి, మర్చిపోకుండా లెక్క రాసుకుంది. దొంగ సొంత చేత్తో రాసిచ్చాక మనకి ఇంకేం కావాలమ్మా?"

వదినని రేపట్నుంచి రావద్దన్నారు, ఈ రోజూ ఇప్పుడే వెళ్ళమన్నారు. ఆమె గొడవ పడలేదు. పట్టీ విప్పి తీగ చుట్టి పెట్టింది. బల్ల తుడిచింది. జిగ్గు మీదున్న బోర్డుని తీసి, పరీక్ష సగంలో ఉందని చీటీ రాసి అంటించింది. వెళ్తూ వెళ్తూ తన పుస్తకం ఇమ్మని అడిగింది. అది మా దగ్గరే ఉంటుందని పెద్దాయన అన్నాడు. నిజం చెప్పాలంటే, వదిన గేటు దాటి వెళ్ళడం అద్దంలోంచి చూసినప్పుడు ఇంజనీరుకి హాయిగా అనిపించింది. భర్త వేసిన ప్రశ్న అప్పటిదాకా గొంతులో అన్నం మెతుకులా అడ్డం పడి ఉంది. అది కాస్తా దిగిపోయింది.

గురువారం రెండో బెంచీ ఖాళీ. సోమవారానికి పంపాల్సిన బోర్డులు గుట్టగా ఉన్నాయి. వేరే టెస్టరు లేడు. ఇంకెవరూ లేకపోతే నేనే కూర్చుంటానని ఆమె అంది. రిపోర్టులో రాసుకోడానికీ బాగుంటుంది: స్వయంగా ఒక షిఫ్టు పరీక్షించి చూశాను, ఏ లోపమూ కనపడలేదు.

వదిన కుర్చీ ఆమెకి పొట్టిగా ఉంది. పట్టీ కట్టుకుంది. కళ్ళెదురుగా, ప్రోగ్రాం మార్చిన రోజు తను రాసి అంటించిన కాగితం, నాలుగు మూలలా టేపుతో. ఆరు వారాల్లో దాని అంచులు చేతులు తగిలి మాసిపోయాయి. ఐదో వరస దగ్గర మరీ నల్లబడింది. దీపం కింద చూడటం, తుడవటం, కూర్చోబెట్టటం, మీట, స్కాన్. మొదటి పది బోర్డులకి నడుము పట్టేసింది. ఇరవయ్యో దానికి చెయ్యి తిరిగింది. ఇంత చేసినా గంటకి వదిన దింపేదాంట్లో సగం కూడా దింపలేకపోయింది. వేగానికి దొంగతనం అక్కర్లేదని, పందొమ్మిదేళ్ళు చాలునని అప్పుడు తెలిసింది. అయినా ఆ ఆలోచనని పక్కకి నెట్టింది.

ముప్పై ఏడో బోర్డు దగ్గర తెర మీద పసుపు డబ్బా వచ్చింది. మీటరు దగ్గర అంకె నిలవలేదు, కంటిన్యూనా, స్టాపా? పిన్నుల మీద దుమ్మున్నా అలా వస్తుంది. ఆమె కాగితం వైపు చూడక్కర్లేదు, రాసింది తనే. అయినా కళ్ళు అటే వెళ్ళాయి. ఐదో వరస: పసుపు డబ్బా వస్తే కంటిన్యూ నొక్కండి. ప్రోగ్రాం మూయకండి.

కంటిన్యూ నొక్కింది.

పచ్చగా పాసు అని వచ్చింది. పదకొండు పాయింటు ఏడు తొమ్మిది సున్నా ఆరు. ముప్పై ఆరో బోర్డు అంకె కూడా అదే.

ఆమె బోర్డు వైపు చూసింది. జిగ్గు మీద ఉన్నది కొత్త బోర్డే. లేబులు కొత్తదే. పాతది ఎడమచేతి వైపు డబ్బాలో, తను పెట్టిన చోటే ఉంది. ఈ కుర్చీలో ఇప్పుడు కూర్చున్నది తను ఒక్కతే. బోర్డు పైకి తీసి బ్రేకు పిన్నుని భూతద్దం కింద పెట్టింది. టంకం ఒక పక్క అంటింది, ఇంకో పక్క సన్నటి నల్ల గీత. చెడ్డ బోర్డు. తన చేత్తో పాసు చేసింది.

తప్పు ఎక్కడుందో తెలియడానికి ఆ తర్వాత నిమిషం కూడా పట్టలేదు. ఆ లైబ్రరీ ఆఖరి కొలతని తన దగ్గర ఒకచోట దాచుకుంటుంది. ఇదివరకు ప్రతి బోర్డుకీ దింపి మళ్ళీ ఎక్కించేవాళ్ళు కాబట్టి ఆ చోటు ఎప్పటికప్పుడు ఖాళీ అయ్యేది. కంటిన్యూ నొక్కితే కొత్తగా ఎక్కి, మళ్ళీ కొలిచి, అంకె దొరక్కపోతే సున్నా ఇచ్చేది. బోర్డు ఫెయిలయ్యేది. ఇప్పుడు పొద్దున్న ఎక్కింది సాయంత్రం దాకా దిగదు. కంటిన్యూ నొక్కితే, నీ దగ్గరేముందో అదే ఇవ్వమని ప్రోగ్రాం అడుగుతుంది. దాని దగ్గరున్నది ముందు బోర్డు అంకె. అదే ఇస్తుంది. నాలుగు సెకన్ల కోసం తను తీసేసిన పని, అసలు చేస్తూ వచ్చింది ఇదన్నమాట.

మరి మిగతా రెండు బెంచీల్లో ఎందుకు రాలేదు?

పక్క బెంచీ నుంచి హుషారు మెడ చాచి ఆమె తెర వైపు చూస్తున్నాడు. "అయ్యయ్యో, కంటిన్యూ నొక్కేశారా మేడమ్? మేమెవ్వరం దాన్ని ముట్టుకోం. మూసేసి మళ్ళీ తెరుస్తాం. అప్పుడు బుద్ధిగా చెప్తుంది."

"మొన్న అడిగితే మూయట్లేదన్నావు?"

"మీరు మూయొద్దన్నారు కదండీ. అందుకే మూయట్లేదన్నాం."

ఊఁ అటువైపు తల తిప్పుకుని, ఊఁ అంది.

ఆమె ముగ్గురి రికార్డులూ తెరిచి, ప్రోగ్రాం ఎన్నిసార్లు మొదలైందో చూసింది. పిన్నులు తుడవరు గనక దుమ్ముకే పసుపు డబ్బా వచ్చి, ఒకటో బెంచీలో రోజుకి ఆరుసార్లు, మూడో దాంట్లో ఐదుసార్లు. రెండో బెంచీలో రోజుకి ఒక్కసారి. ఆరు వారాలూ, ప్రతి రోజూ ఒక్కసారి. ఫ్యాక్టరీ మొత్తంలో తను రాసిన మాటకి విలువిచ్చిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడనే గేటు బయటికి పంపించారు. ఇంజనీరుకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఆ సాయంత్రమే వదిన ఇంటికి వెళ్ళింది. రెండో అంతస్తులో, చివరి గుమ్మం. వదిన కోడలు తలుపు తీసి, లోపలికి పిలవాలో వద్దో తెలియక అత్తగారి వైపు చూసింది. వదిన కింద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. లేవలేదు. కోడలితో మేడమ్‌కి కుర్చీ వెయ్యమని, మంచినీళ్ళిమ్మని చెప్పింది.

నీళ్ళు తాగుతూ ఇంజనీరు సగం సగం మాటల్లో చెప్పుకొచ్చింది. తప్పు ప్రోగ్రాందని అంది. వదిన కత్తి ఆపలేదు. చివరికి ఆ పుస్తకం సంగతి అడగక తప్పలేదు. అందులో ప అంటే ఏమిటి?

"పసుపు."

"పాసనుకున్నాం."

"పసుపు డబ్బా వచ్చినప్పుడల్లా ముందు బోర్డు అంకే వస్తోంది. నాకు అనుమానమొచ్చింది. ఏ బోర్డు తర్వాత ఏ బోర్డుకి వచ్చిందో రాసుకున్నాను. ఎప్పటికైనా ఎవరైనా అడిగితే చూపిద్దామని."

"మరి నాకు ఒక్క మాట చెప్పాల్సింది కదా వదినా?"

వదిన తరగడం ఆపింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఆమాత్రం గుర్తులేదా అన్నట్టు చూసింది. "చెప్పాను కదండీ."

మెట్ల దగ్గర. నెల కిందట. ఇంజనీరు చేతిలో ఫోను, మీటింగుకి ఆలస్యమవుతోంది. వదిన కింది మెట్టు మీద నిలబడి, పసుపు డబ్బా తర్వాత అంకె మారట్లేదు మేడమ్, ముందుదే వస్తోంది అంది. దానికి తను ఏమందో అక్షరం అక్షరం గుర్తొచ్చింది. మంచిదేగా వదినా, బోర్డులన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయన్నమాట అంది. అని, తన హాస్యానికి తనే నవ్వుకుంటూ పైకెళ్ళిపోయింది. మొన్న పెద్దాయన గదిలో వదిన తలెత్తి తనవైపు చూసింది దీనికోసమే. తను అప్పుడు తల దించుకుంది.

ఇంజనీరు క్షమించమని అడిగింది. వదిన తరిగిన ముక్కలు గిన్నెలో వేసింది. "ఆ పుస్తకంలో పదకొండు జతలున్నాయి" అంది. "మీ బల్ల మీద ఏడే చూశాను. మిగతా నాలుగూ ఎక్కడున్నాయో ముందు అది చూడండి."

శుక్రవారం పొద్దున్నే ఆమె రిపోర్టు తీసుకుని పెద్దాయన గదికి వెళ్ళింది. ఆయన మొదటి పేజీ చదివి లేచి తలుపు వేశాడు. నెమ్మదిగానే మాట్లాడాడు. మనిషి తప్పంటే ఒక్క మనిషితో పోతుంది, సోమవారం వచ్చేవాళ్ళు కూడా తలాడించి వెళ్ళిపోతారు. ప్రోగ్రాం తప్పంటే ఆరు వారాల బోర్డులన్నిటి మీదా అనుమానమే, అన్నీ వెనక్కి తెప్పించి మళ్ళీ పరీక్షించాలి. చప్పట్లు కొట్టించుకున్న పేరూ పోతుంది. లైబ్రరీని పాత పద్ధతిలోకి ఎవరికీ తెలియకుండా మార్చేస్తే ఇకమీదట రాదు కదా? వదినకి ఎలాగూ ఇంకో నాలుగేళ్ళలో రిటైర్మెంటే.

అందులో ఏదీ ఆమె రాత్రి ఆలోచించనిది కాదు. ఆ నాలుగు నెంబర్లు రాసిన చీటీ ఆయన ముందు పెట్టి, ఫోను చెయ్యమంది. చెయ్యకపోతే తనే చేస్తానంది. ఆయన చాలాసేపు చీటీని పెన్సిలుతో తట్టాడు. చివరికి ఫోను అందుకున్నాడు. రెండు బోర్డులు ఇంకా గోడౌన్లోనే ఉన్నాయి. మూడోది బిగించారు, ఇంకా నడపలేదు. నాలుగోది తొమ్మిది అంతస్తుల ఇళ్ళలో పది రోజులుగా మనుషుల్ని మోస్తోంది. పిన్ను ఇంకా పూర్తిగా ఊడలేదు గనక పని చేస్తోంది. ఫోను పెట్టేలోపే అవతల దాన్ని ఆపేయించారు. పెద్దాయన నుదురు తుడుచుకుని, రిపోర్టు తనవైపు లాక్కుని, మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. దాని పైన ఆమె సంతకం అప్పటికే ఉంది, మార్పు చేసింది నేనే, చెప్పినప్పుడు వినిపించుకోనిదీ నేనే అన్న వాక్యం కింద.

సోమవారం వదిన ఎప్పటి వేళకే వచ్చింది. లిఫ్టు కంపెనీ నుంచి వచ్చినవాళ్ళు ఒక గదిలో ఇంజనీరుని మూడు గంటలు కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. ఒకే ప్రశ్నని మూడు రకాలుగా తిప్పి అడిగారు. ఆమె మూడుసార్లూ అదే జవాబు చెప్పింది, అవే మాటల్లో. వాళ్ళలో ఒకడు పక్కవాడి వైపు చూడటం గమనించింది.

ఆ గదిలోంచి బయటపడేసరికి, రెండో బెంచీకి రమ్మని కబురొచ్చింది. లైబ్రరీ ఇప్పుడు ప్రతి బోర్డుకీ ఎక్కుతోంది, దిగుతోంది. ఐదో వరస మార్చిన కొత్త కాగితం పొద్దున్నే అంటించారు. పసుపు డబ్బా వస్తే బోర్డుని ఫెయిలు కింద తీయాలి, అంతే. వదిన జిగ్గు ముందు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర మీద పసుపు డబ్బా అలాగే ఉంది. హుషారు, ఊఁ పని ఆపకుండానే చెవులు ఇటు వేశారు.

ఇంజనీరు వచ్చి పక్కన నిలబడింది. ఏం చెయ్యాలో కొత్త కాగితంలో ఉందని చెప్పబోయి, ఆ మాట నోట్లోనే ఆపుకుంది.

వదిన గౌరవంగానే లేచి నిలబడింది. బల్ల మీద ఒక తెల్లకాగితం పెట్టి ఉంది. అందులో బోర్డు నెంబరు, టైము, పసుపు డబ్బా వచ్చింది అని గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. కింద చోటు వదిలింది.

"చెప్పానని నేను రాశాను మేడమ్" అని పెన్ను ఆమె చేతికిచ్చింది. "విన్నానని మీరు రాయండి."

ఇంజనీరు ఒంగి, విన్నాను అని రాసి, సంతకం పెట్టింది. వదిన కాగితం తీసుకుని చదువుకుని, నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది. అప్పుడు కూర్చుని, మీట ఎత్తి, బోర్డుని బయటికి తీసింది.

ఆ నెలలో పసుపు డబ్బా ఇంకో నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ మేడమ్ మెట్లు దిగి వచ్చి సంతకం పెట్టి వెళ్ళింది.